నలుగురి నోట

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక వార్త జనంలో వ్యాపించే తీరును గణితశాస్త్రం ఏ విధంగా వివరిస్తుందో తెలియజేయడం, సామాజిక మాధ్యమాల కాలంలో మాటను అందుకొనేవారికీ అందించేవారికీ గల బాధ్యతను విద్యార్థులకు గుర్తుచేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

సంస్కృతంలో ‘వదంతి’ ఒక క్రియాపదం. ‘వారు పలుకుతున్నారు’ అని దాని అర్థం. తెలుగులో అదే మాట నామవాచకమై, మూలం తెలియని వార్తకు పేరైంది. ‘కింవదంతి’ అన్నా, ‘జనశ్రుతి’ అన్నా, ఒక చెవి నుంచి మరొక చెవికి సాగిపోయే ‘కర్ణాకర్ణిక’ అన్నా భావం ఇంచుమించు ఒకటే. ఈ మాటలన్నింటిలోనూ ఒక లక్షణం సమానంగా కనిపిస్తుంది. చెప్పినవారు ఎవరో వీటిలో ఏ ఒక్కటీ చెప్పదు. కర్త లోపించిన వాక్యమే వదంతి.

కర్త కనిపించకపోయినా ఫలితం కనిపిస్తుంది. ఉత్తర రామాయణ కథలో సీతాపరిత్యాగానికి హేతువు లోకాపవాదం. మహాభారత యుద్ధంలో ద్రోణుని చేత అస్త్రసన్న్యాసం చేయించినది సగమే వినిపించిన సత్యం. ఆ కాలంలో మాట మనిషితోపాటు నడిచేది. మహా అయితే గుర్రంతోపాటు పరుగెత్తేది. 2004లో ఫేస్‌బుక్, 2006లో ట్విట్టర్, 2009లో వాట్సాప్ వచ్చిన తరువాత వేలికొన తాకిడికే మాట ఖండాంతరాలు దాటడం మొదలైంది. వీటిలో ట్విట్టర్ పేరు 2023లో ఎక్స్‌గా మారింది.

వేగంతోపాటు ప్రమాదమూ పెరిగింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి 2018లో మన దేశంలోని పలు రాష్ట్రాలలో వాట్సాప్ ద్వారా వ్యాపించింది. దానికి సాక్ష్యంగా జనం చూపిన ఒక వీడియో నిజానికి పాకిస్థాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన ప్రచారచిత్రం. బిడ్డను తిరిగి అప్పగించే చివరిభాగాన్ని ఎవరో కత్తిరించి, మిగిలినదానిని జనంలోకి వదిలారు. ఆ సంవత్సరం జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో ఐదుగురు సంచారజీవులను జనం కొట్టి చంపారు. జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు అనుమానించి, హైదరాబాదు నుంచి వెళ్ళిన ఒక యువకుని ప్రాణం తీశారు. ఈ చనిపోయినవారిలో పిల్లలను ఎత్తుకుపోవడానికి వచ్చినవారు ఒక్కరూ లేరు.

ఈ అనర్థానికి కర్త ఎవరు? కొట్టినవారిని చట్టం గుర్తించగలదు. మరి ఆ వీడియోను తలా ఒకసారి పంపిన వేలమంది మాటేమిటి? నేనొక్కడిని పంపినందువల్ల ఏమవుతుందిలే అని వారిలో ప్రతి ఒక్కరూ అనుకొని ఉండవచ్చు. ఆ ఒక్కడి వంతు ఎంత అన్న ప్రశ్నకు నీతిశాస్త్రంతోపాటు గణితశాస్త్రం కూడా సమాధానం చెబుతుంది.

వ్యాధి లెక్క నుంచి వార్త లెక్కకు

వార్తల వ్యాప్తిని లెక్కించే గణితానికి పుట్టినిల్లు వైద్యశాస్త్రం. దాని తొలి అధ్యాయాలలో ఒకదానికి మన నేలతో సంబంధం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అంతటితో ఆయన ఆగలేదు. మలేరియాను అరికట్టాలంటే దోమలన్నింటినీ చంపనక్కరలేదనీ, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువకు వస్తే వ్యాధి తనంతట తానే క్షీణిస్తుందనీ 1911లో గణితంతో నిరూపించాడు. ఒక దోమ మిగిలినా వ్యాధి మిగులుతుందని నమ్ముతున్న కాలంలో ఇది కొత్త మాట. ఈ ‘హద్దు’ అన్న భావన పాఠం చివరి వరకు మనకు తోడుగా వస్తుంది.

రాస్ ప్రోత్సాహంతో గణితాన్ని అభ్యసించిన మెకెండ్రిక్ అనే వైద్యుడు భారతదేశంలో చాలాకాలం పనిచేశాడు. ఆయన, ప్రయోగశాల ప్రమాదంలో చూపు కోల్పోయిన కెర్మాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కలిసి 1927లో ఒక నమూనాను రూపొందించారు. జనాన్ని వారు మూడు వర్గాలుగా విభజించారు. వ్యాధి ఇంకా సోకనివారు మొదటివర్గం, సోకినవారు రెండవవర్గం, కోలుకొనో మరణించో వ్యాప్తి నుంచి తొలగినవారు మూడవవర్గం. ఒక వర్గం నుంచి మరొక వర్గానికి మనుషులు ఏ వేగంతో మారుతున్నారో సమీకరణాలలో రాస్తే వ్యాధి భవిష్యత్తు తెలుస్తుంది. 1905–06 నాటి బొంబాయి ప్లేగు మరణాల లెక్కలతో వారు తమ సమీకరణాలను సరిపోల్చి చూపారు.

ఈ గణితంలోని కీలకాన్ని చిన్న ఉదాహరణతో గ్రహించవచ్చు. వెయ్యిమంది ఉన్న కళాశాలలో ఒక వార్త పుట్టిందనుకుందాం. వార్త తెలిసినవారు తెలియనివారిని కలిసినప్పుడే అది పెరుగుతుంది. కనుక పెరుగుదల ఈ రెండు సంఖ్యల లబ్ధం మీద ఆధారపడుతుంది. పదిమందికి తెలిసి 990 మందికి తెలియనప్పుడు ఆ లబ్ధం 9,900. ఐదువందల మందికి తెలిసి ఐదువందల మందికి తెలియనప్పుడు 2,50,000. 990 మందికి తెలిసి పదిమంది మాత్రమే మిగిలినప్పుడు మళ్ళీ 9,900. అందుచేతనే వార్త మొదట నెమ్మదిగా కదిలి, నడుమ ఉప్పెనలా లేచి, చివరకు చల్లబడుతుంది. ఉప్పెన లేచినప్పుడే అది మన కంటబడుతుంది. అప్పటికి సగం పని అయిపోయి ఉంటుంది.

చెప్పేవారు – ఆపేవారు

వ్యాధిని మనిషి కోరి అంటించడు. వార్తను కోరి చెబుతాడు. ఈ భేదాన్ని సూత్రంలో ఇమిడ్చే ప్రయత్నం మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేశారు. 1934 జనవరి 15న బీహారు, నేపాల్ ప్రాంతాలను పెద్ద భూకంపం కుదిపివేసింది. ఆ తరువాత జనంలో పుట్టిన వదంతులను పాట్నాకు చెందిన జమునా ప్రసాద్ సేకరించి 1935లో అధ్యయనాన్ని ప్రకటించాడు. ఇంతకంటె పెద్ద ఆపద రానున్నదని చెప్పే వదంతులు వాటిలో అనేకం. 1947లో అమెరికాకు చెందిన ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే పండితులు వదంతి బలం రెండు అంశాల లబ్ధమని సూత్రీకరించారు. విషయం మనకు ఎంత ముఖ్యమన్నది ఒకటి. దాని గురించి తెలిసిన సమాచారం ఎంత అస్పష్టమన్నది రెండవది. ఇది కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏ ఒక్కటి సున్న అయినా ఫలితం సున్న. పిల్లల క్షేమం కంటె తల్లిదండ్రులకు ముఖ్యమైనది లేదు. ఊరికి వచ్చిన అపరిచితుని గురించి తెలిసినది అత్యల్పం. 2018 నాటి వదంతి ఎందుకంత బలం పుంజుకొన్నదో ఈ సూత్రం తెలియజేస్తుంది.

వదంతికంటూ ప్రత్యేకమైన నమూనాను 1964లో డేలీ, కెండాల్ అనే గణితజ్ఞులు ప్రతిపాదించారు. ఇందులోనూ మూడు వర్గాలున్నాయి: విననివారు, చెప్పేవారు, ఆపేవారు. చెప్పేవాడు విననివానిని కలిస్తే విననివాడు చెప్పేవాడవుతాడు. చెప్పేవారు ఇద్దరు కలిస్తే, అది అందరికీ తెలిసిన పాత కబురేనని ఇద్దరూ చెప్పడం మానుకొంటారు. చెప్పేవాడు ఆపేవానిని కలిసినా మానుకొంటాడు. ఈ నియమాల ప్రకారం జనాభా పెద్దదైనప్పుడు ఒక వదంతి చల్లారేసరికి నూటికి సుమారు 20 మంది అది విననే వినరు. దాదాపు 80 మంది విని ఉంటారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ నమూనాలో వదంతి ఆగడానికి కారణం అది అసత్యమని తేలడం కాదు, పాతబడడం. సత్యాసత్యాల ప్రసక్తి ఈ సమీకరణాలలో ఎక్కడా రాదు. మనుషులు పరీక్షించడం మానివేసినప్పుడు అసత్యం కూడా సత్యం నడిచిన బాటలోనే నడిచి, నూటికి 80 మందిని చేరి, ఆ తరువాతనే అలసిపోతుంది.

వెయ్యికి నలుగురు

సామాజిక మాధ్యమాలలోని వ్యాప్తిని రెండు సంఖ్యలతో అంచనా వేయవచ్చు. ఒకరు పంపిన సందేశం ఎంతమందికి చేరుతుందన్నది మొదటిది. చదివినవారిలో ఎంతమంది దానిని మళ్ళీ పంపుతారన్నది రెండవది. ఈ రెండింటి లబ్ధం ఒకటికి మించితే సందేశం పెరుగుతుంది; ఒకటికి తగ్గితే ఆరిపోతుంది. రాస్ చెప్పిన హద్దు ఇక్కడ ‘ఒకటి’ అన్న అంకె.

ఉదాహరణకు ఒక్కొక్కరు పంపిన సందేశం కొత్తగా 100 మందికి చేరుతున్నదనుకుందాం. చదివిన ప్రతి వెయ్యిమందిలో 12 మంది దానిని మళ్ళీ పంపుతున్నారనుకుందాం. మొదట 100 మంది పంపితే పదివేలమంది చదువుతారు. వారిలో 120 మంది మళ్ళీ పంపుతారు. తరువాతి మెట్టులో 144 మంది పంపుతారు. ఇరవయ్యవ మెట్టుకు వచ్చేసరికి ఆ ఒక్క మెట్టులో పంపేవారు సుమారు 3,834 మంది. మొదటినుంచి లెక్కిస్తే పంపినవారందరూ కలిసి దాదాపు 22,500 మంది.

ఇప్పుడు మరొక ఊరిని ఊహించుకుందాం. సందేశం అదే. చేరే సంఖ్య అదే. అయితే ఇక్కడ వెయ్యికి 12 మందికి బదులు 8 మంది పంపుతున్నారు. మొదట 100 మంది పంపితే తరువాత 80 మంది, ఆపైన 64 మంది పంపుతారు. ఇరవయ్యవ మెట్టులో మిగిలేది సుమారు ఒక్కరు. ఎన్ని మెట్లు సాగినా పంపినవారి మొత్తం 500 దాటదు.

రెండు ఊళ్ళకూ తేడా వెయ్యికి నలుగురు. మిగిలిన 988 మంది రెండు ఊళ్ళలోనూ ఊరకే ఉన్నారు. ఒకచోట కార్చిచ్చు రగలడానికీ, మరొకచోట నిప్పురవ్వ ఆరిపోవడానికీ కారణం ఆ నలుగురే. ‘నలుగురి నోట పడడం’ అని మనవారు అన్న మాటకు ఇంతటి కచ్చితమైన లెక్క ఉంటుందని వారు ఊహించి ఉండరు. నేనొక్కడిని పంపితే ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం ఇదే. వెయ్యిమందిలో ఒక్కడు అల్పుడేమీ కాడు. అతడు ఆ నలుగురిలో ఒకడు.

అల్లిక లోని మర్మం

పై లెక్కలో అందరినీ సమానంగా భావించాం. వాస్తవంలో పరిచయాలు వలలా అల్లుకొని ఉంటాయి. కొద్దిపాటి దూరపు పరిచయాలున్నా చాలు, ఎంత పెద్ద సమాజంలోనైనా ఎవరినుంచి ఎవరికైనా కొన్ని అంచెలలోనే మాట చేరుతుందని 1998లో వాట్స్, స్ట్రోగాట్జ్ చూపారు. ఇటువంటి వలలలో కొందరికి అత్యధికమైన సంబంధాలు ఉంటాయని, వారు కూడళ్ళ వంటివారని 1999లో బరబాసి, ఆల్బర్ట్ వివరించారు. అటువంటి కూడళ్ళున్న పెద్ద వలలో వ్యాప్తిని ఆపే హద్దు దాదాపు లేకుండాపోతుందని, బలహీనమైనది కూడా నిలిచి వ్యాపించగలదని 2001లో పాస్టర్ సటోరస్, వెస్పిగ్నాని నిరూపించారు. లక్షలమంది అనుసరించే వ్యక్తి చేతిజారిన ఒక మాట సామాన్యుని మాట వంటిది కాదని దీని సారాంశం.

వినడం వేరు, నమ్మి ఆచరించడం వేరు. వినడానికి ఒక్క నోరు చాలు. నమ్మడానికి తరచుగా పలువురి మాట కావాలి. సెంటోలా అనే పరిశోధకుడు 1,528 మందితో ఇంటర్నెట్ మీద చేసిన ప్రయోగాన్ని 2010లో ప్రకటించాడు. మిత్రులు ఒకరికొకరు మిత్రులుగా ఉన్న వలలో కొత్త అలవాటు నూటికి 54 మందికి చేరింది. చెదురుమదురు పరిచయాల వలలో 38 మందికే చేరింది. పదిమంది చెప్పిన మాటకు బలమెక్కువ. కానీ కుటుంబ సమూహంలో ఐదుగురు బంధువులు ఒకే వార్తను పంపినప్పుడు, ఆ ఐదుగురికీ మూలం ఒకటే కావచ్చు. ఐదు నోళ్ళు ఐదు సాక్ష్యాలు కావు.

అసత్యానికి అంత వేగమెందుకు?

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తా ప్రవాహాలను పరిశీలించి 2018లో ఫలితాలను ప్రకటించారు. సుమారు 30 లక్షలమంది వాటిని 45 లక్షల సార్లకు పైగా పంచుకొన్నారు. అసత్యవార్తను మరొకరికి పంపే అవకాశం సత్యవార్త కంటె నూటికి 70 పాళ్ళు ఎక్కువ. 1,500 మందికి చేరడానికి అసత్యం కంటె సత్యానికి సుమారు ఆరు రెట్లు ఎక్కువ కాలం పట్టింది. యంత్రాలు నడిపే ఖాతాలను లెక్క నుంచి తొలగించినా ఈ తేడా పోలేదు. అంటే దోషం యంత్రానిది కాదు, మనిషిది. అసత్యంలో ఉన్న కొత్తదనం, అది కలిగించే ఆశ్చర్యం, జుగుప్స మనిషిని పురికొల్పుతున్నాయని ఆ పరిశోధకులు భావించారు.

ఈ గణాంకాలనే 2021లో యూల్, ఉగాండర్ అనే పరిశోధకులు మరొక కోణంలో పరిశీలించారు. సమాన పరిమాణం గల సత్య, అసత్య ప్రవాహాలను పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు వాటి ఆకృతిలో కనిపించిన తేడాలు దాదాపు మాయమయ్యాయి. అసత్యానికి ప్రత్యేకమైన రహస్యమార్గమేదీ లేదు. అది నడిచే బాట సత్యం నడిచే బాటే. దానికున్నదల్లా మరికాస్త సోకే శక్తి. వెయ్యికి ఎనిమిదిమంది పంపేదానిని పన్నెండుమంది పంపడమే ఆ శక్తి.

ఆపే ఉపాయాలు

వ్యాప్తి రెండు సంఖ్యల లబ్ధం కనుక ఆపే ఉపాయాలూ రెండే. మొదటిది చేరే సంఖ్యను తగ్గించడం. 2018 జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు సంభాషణలకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2019 జనవరిలో ఈ నియమాన్ని ప్రపంచమంతటా అమలుచేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే ఐదు లేదా అంతకు మించిన చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క సంభాషణకే పరిమితం చేసింది. దీనితో అటువంటి సందేశాలు నూటికి 70 పాళ్ళు తగ్గాయని ఆ సంస్థ ప్రకటించింది.

అయినా ఈ ఉపాయం ఒక్కటే చాలదు. అప్పట్లో ఒక్కొక్క సమూహంలో 256 మంది వరకు ఉండేవారు. ఐదు సమూహాలంటే 1,280 మంది. వెయ్యికి ఎనిమిదిమంది పంపినా లబ్ధం పదికి మించుతుంది. ఒక్క సమూహానికే పరిమితం చేసినా రెండు దాటుతుంది. బ్రెజిల్, భారత్, ఇండొనేషియా దేశాల వాట్సాప్ సమూహాలను పరిశీలించిన 2019 నాటి అధ్యయనం కూడా, ఇటువంటి కట్టడి వ్యాప్తిని ఆలస్యం చేయగలదే గాని సోకే శక్తి అధికంగా ఉన్న సందేశాన్ని ఆపలేదని తేల్చింది. అయితే ఆలస్యం కూడా ఒక లాభమే. నిజం నిలకడ మీద తెలుస్తుందన్నారు పెద్దలు. ఆ నిలకడకు కొంత వ్యవధి దొరుకుతుంది.

రెండవ ఉపాయం పంపేవారి సంఖ్యను తగ్గించడం. ఇది మనిషి వివేకానికి సంబంధించినది. నమ్మదగని వార్తలను అంతకుముందు పంచుకొన్న ఐదువేల మందికి పైగా ట్విట్టర్ వినియోగదారులను పరిశోధకులు ఎంచుకొని, ఏదో ఒక వార్తాశీర్షికను చూపి, ఇది నిజమని మీరు భావిస్తున్నారా అని మాత్రమే అడిగారు. ఉపదేశమేదీ చేయలేదు. ఆ తరువాత వారు పంచుకొన్న వార్తల నాణ్యత మెరుగుపడిందని 2021లో ప్రకటితమైంది. చాలామంది దురుద్దేశంతో కాక, ఆలోచించే తీరిక చేసుకోక పంపుతున్నారని దీనివల్ల తెలుస్తున్నది. మన జోగులాంబ గద్వాల జిల్లాలో 2018లో పోలీసులు ఊరూరా తిరిగి, జానపద కళాకారుల పాటల ద్వారా పిల్లల దొంగల వదంతిని నమ్మవద్దని ప్రజలకు బోధించారు. సూత్రంలోని అస్పష్టత అనే అంశాన్ని తగ్గించడమే ఆ పాట చేసిన పని.

ఉపసంహారం

గణిత నమూనా జోస్యం కాదు. మనిషి భయాన్నీ, ప్రేమనూ, పంతాన్నీ ఏ సమీకరణమూ పూర్తిగా పట్టుకోలేదు. చేరినవారికే మళ్ళీ చేరడం వంటివి పై లెక్కలలో వదలిపెట్టాం. ఏ సందేశం ఎంత దూరం పోతుందో ముందుగా చెప్పగల సూత్రం ఇంకా కుదరలేదు. అయినా నమూనా ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. వ్యాప్తిని ఆపడానికి వెయ్యిమందీ మహాత్ములు కానక్కరలేదు. పంపబోయిన పన్నెండుమందిలో నలుగురు వేలిని వెనుకకు తీసుకొంటే చాలు.

సందేశం వచ్చినప్పుడు దీనిని ఎవరు చెప్పారు, ఎప్పటిది, పూర్తిగా ఉన్నదా అని ప్రశ్నించడం ఆ నలుగురిలో చేరడానికి మార్గం. పంపిన క్షణంలో ‘వదంతి’ అన్న క్రియ ‘వదామి’ అవుతుంది. ‘వారు పలుకుతున్నారు’ అన్నది ‘నేను పలుకుతున్నాను’గా మారుతుంది. అంతవరకు లోపించిన కర్త అప్పుడు దొరుకుతాడు.

కఠిన పదాలు – అర్థాలు

జనశ్రుతి : జనులు చెప్పుకోగా వినవచ్చిన మాట
లోకాపవాదం : లోకులు మోపే నింద
అస్త్రసన్న్యాసం : ఆయుధాలను విడిచిపెట్టడం
అనర్థం : కీడు
పరాన్నజీవి : మరొక ప్రాణిని ఆశ్రయించి బతికే జీవి
లబ్ధం : గుణించగా వచ్చిన ఫలితం
జుగుప్స : ఏవగింపు

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వ్యాధివ్యాప్తి గణితం వార్తల వ్యాప్తికి ఎట్లా ఉపకరించిందో వివరించండి.
2. ‘వెయ్యికి నలుగురు’ అన్న మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. డేలీ, కెండాల్ నమూనాలో వదంతి ఆగడానికి కారణమేమి?
2. వదంతి బలాన్ని కూడికగా కాక గుణకారంగా ఎందుకు చెప్పారు?
3. ‘ఐదు నోళ్ళు ఐదు సాక్ష్యాలు కావు’ – ఈ వాక్య భావాన్ని వివరించండి.
4. ఒక్కొక్కరు పంపిన సందేశం 50 మందికి చేరుతున్నప్పుడు, అది పెరగకుండా ఉండాలంటే చదివిన వెయ్యిమందిలో ఎంతమందికి మించి పంపకూడదు?

ఇ) సంధులు
కింది పదాలను విడదీసి సంధి పేర్లు రాయండి: లోకాపవాదం, ఖండాంతరం, అత్యల్పం, సత్యాసత్యాలు.

ఈ) సొంతవాక్యాలు
కింది జాతీయాలను, సామెతను సొంతవాక్యాలలో ప్రయోగించండి: నలుగురి నోట పడడం, తనంతట తానే, నిజం నిలకడ మీద తెలుస్తుంది.